గోరు ఆగొద్దు సారూ!

మా పోచన్నకు ఒకటే జబ్బు. సందు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేడు.

సందు అంటే వీధి సందు అనుకునేరు. చెక్కకూ చెక్కకూ మధ్య, తలుపుకూ గడపకూ మధ్య, మూతకూ డబ్బాకూ మధ్య ఒక సన్నటి గీత ఉంటుంది చూడండి, ఆ గీతంటే ఆయనకు పగ. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా, అందులో లప్పం. మామూలు వడ్రంగులు చెవి మీద పెన్సిలు పెట్టుకుంటారు. పోచన్న చెవి మీద చదునుగా చెక్కిన వెదురు పుల్ల ఉంటుంది. లప్పం ఎక్కించే ఆయుధం అదే.

వృత్తి బొమ్మలు చేయడం. పిల్లలు విరగ్గొట్టే బొమ్మలు కావు, అసలు వస్తువులకు అచ్చు చిన్నవి. అల్లపల్లి టేకు తుంటలతో అరచేతిలో పట్టే సర్కారు ఎస్టీ బస్సు, జానెడు ఎడ్లబండి, దుంగలు నింపుకున్న లారీ. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచకు బదిలీ అయి వచ్చే సాయబులు, అంటే ఆఫీసర్లు, ఏడుస్తూ వస్తారు, నవ్వుతూ పోతారు. పోయే ప్రతి సాయబుకూ శాలువా, కొబ్బరికాయ, పోచన్న ఎడ్లబండి ఇచ్చి పంపడం మా ఆచారం. ఎవరూ ఇక్కడ ఏడాది మించి నిలవరు గనుక ఆయనకు పనికి కరువు లేదు.

ముక్కలు ఎంత బాగా అతికించినా అతుకు దగ్గర గీత ఉంటుంది. పోచన్న టేకు పొట్టును బట్టతో జల్లించి, సుద్దపొడీ అడవి బంకా కలిపి నూరి, పుల్లతో ఆ గీతలోకి ఎక్కిస్తాడు. ఆరితే లప్పం కుంగుతుంది. మళ్ళీ పెడతాడు. మళ్ళీ కుంగుతుంది. మూడో పూత ఆరాక పాలిష్ పేపరుతో రుద్ది, కళ్ళు మూసుకుని, బొటనవేలి గోరును అతుకు మీద జారుస్తాడు.

"గోరు ఆగొద్దు సారూ. గోరు ఆగిందంటె పని ఆగినట్టే."

ఈ సూత్రం బొమ్మల దగ్గర ఆగితే బాగానే ఉండేది. గోరే ఆగని మనిషి, సూత్రం దగ్గర ఏం ఆగుతాడు? ఆయన ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఒక వానాకాలం మా తలుపుకూ గడపకూ మధ్య సందు చూసి, మేం నిద్ర లేవకముందే బయటినుంచి నున్నగా పూడ్చిపెట్టాడు. ఆ రోజు నేను కిటికీలోంచి ఆఫీసుకు పోయాను.

"ఇగ పాము సొరది సారూ," అన్నాడు గర్వంగా.

"మేం గూడ ఎల్లలేం గద పోచన్నా!"

"జర పరేషానే గని, పాము గూడ పరేషానే గద!"

మా ఎదురింటి కిషన్‌రావు భజనల్లో పిల్లనగ్రోవి ఊదేవాడు. దానికి చిన్న పగులు వస్తే పోచన్నకు ఇచ్చాడు. పోచన్న పగులు పూడ్చాడు. చెయ్యి ఊపు మీద ఉంది కదా, మిగతా ఆరు బొక్కలు కూడా పూడ్చాడు. కిషన్‌రావు ఎంత ఊదినా కళ్ళు బయటికొచ్చాయి గాని పాట రాలేదు. ఆయన పాట రోజూ విన్నవాళ్ళం గనుక మా వీధిలో ఒక్కరం కూడా పోచన్నను తప్పుపట్టలేదు.

ఇక మా ఆఫీసు సంగతి. ఏ ఆఫీసో చెప్పను, పెన్షన్ దగ్గరపడింది. మా వరండాలో గోడకు ఒక ఎర్ర చెక్క పెట్టె. దాని మీద 'తక్రార్ పేటీ' అని మరాఠీలో రాసి ఉంటుంది, అంటే ఫిర్యాదుల పెట్టె. కీలు ఊడిందని పోచన్నను పిలిపించాం. కీలు బిగించాడు. బిగించి, అలవాటు కొద్దీ గోరు జార్చాడు. పెట్టె నెత్తిన జానెడు పొడవు సందు! ఏ దిక్కుమాలిన పనోడు వదిలేశాడో అని జాలిపడి, మూడు పూతలు పెట్టి, రుద్ది, ఎర్ర రంగు వేసి పోయాడు.

ఆఫీసులో ఎవరూ గమనించలేదు. ఒక రోజు కాదు, రెండేళ్ళు. నెలకోసారి తాళం తీసి, లోపలికి తొంగిచూసి, రిజిస్టర్లో 'నిరంక్' అని రాసి సంతకం పెట్టేది నేనే. నిరంక్ అంటే ఏమీ లేదని. మరాఠీ ఆఫీసు భాషలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అది. రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదూ రాని ఆఫీసని పైనుంచి మాకు ప్రశస్తిపత్రం వచ్చింది. చట్రం కట్టించి పెట్టె మీదే తగిలించాం. చట్రం చేసింది కూడా పోచన్నే.

అసలు కథ మల్లక్కతో మొదలైంది. జింగనూర్ దారిలో, వాగు అవతల ఉన్న గూడెం ఆమెది. అడవిలో బంక ఏరి, శుభ్రం చేసి, పోచన్న లప్పానికి తెచ్చి ఇస్తుంది. మొన్న ఎండాకాలం మొదట్లో నేను పోచన్న కొట్టంలో కూర్చుని చాయ్ తాగుతుంటే కుడిచేతికి కట్టుతో వచ్చింది.

"ఏమైందక్కా?" అన్నాడు పోచన్న.

"నిచ్చెన మీదికెల్లి పడ్డ."

ఆ నిచ్చెన గురించి చెప్పాలి. వాగు మీద మూడేళ్ళ కింద వంతెన కట్టారు. మంచి వంతెన, వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఇవతల రోడ్డును అందుకుంది గాని అవతల గూడెం ఒడ్డును అందుకోలేదు. ఆ చివర గాలిలో ఆగిపోయింది, నేల మనిషిన్నర కింద ఉంది. మధ్యలో మట్టి పోయాల్సిన కాంట్రాక్టరు మట్టి కోసమే పోయాడని, దారిలో ఉన్నాడని చెప్తారు. గూడెం వాళ్ళు వెదురు నిచ్చెన వేసుకుని వంతెన ఎక్కుతారు. వానలు పడితే ఆ సందులోంచే వాగు పారుతుంది, నిచ్చెన కొట్టుకుపోతుంది. నాలుగు నెలలు గూడెం గూడెంలోనే ఉండాలి, పురుడైనా, జ్వరమైనా.

"మరి అర్జీ పెట్టకపోతిరా?" అన్నాను, ఆఫీసు మనిషిని కదా.

"పెట్టకేం సారూ! మూడుసార్లు తెచ్చినం. మీ ఎర్ర పెట్టెకు నోరే లేదు. ఇటు తడిమినం, అటు తడిమినం. నున్నగున్నది. సర్కారు పెట్టెలు గిట్లనే ఉంటయేమో అనుకోని మల్ల పట్కపోయినం."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. పోచన్న చేతిలో పుల్ల ఆగిపోయింది. ఆగిన పుల్ల మీద లప్పం గట్టిపడింది. పదిహేనేళ్ళలో ఆయన పుల్ల మీద లప్పం ఆరడం నేను చూడలేదు.

మల్లక్క పోయాక లేచాడు. "ఉలి పట్టుకొస్త సారూ. ఇప్పుడే పోయి ఆ నోరు తెరుస్త."

"వద్దు!" అన్నాను. "రెండేండ్ల నిరంక్‌లు నా సంతకంతోని ఉన్నయ్ పోచన్నా. ఇప్పుడు తెరిస్తే అన్నీ నా మెడకు సుట్టుకుంటయ్. ప్రశస్తిపత్రం గూడ వాపస్ పోతది. నేను రిటైరయ్యేదాంక ఆగు."

"వానలు ఆగుతయా సారూ?"

నేను చాయ్ గ్లాసు మళ్ళీ అందుకున్నాను. ఆయన నా మొహం చూసి కూర్చున్నాడు. నా మాట కాదనడం ఆయనకు చేతకాదు.

సరిగ్గా ఆ వారంలోనే, వచ్చే నెల తాలూకా వికాస ప్రదర్శన, అంటే అభివృద్ధి పనుల ప్రదర్శన, ఉంటుందన్నారు. జిల్లా నుంచి ప్రణాలి మేడమ్ అనే కొత్త అధికారి వస్తున్నారు. వంతెనల ఇంజనీరు విలాస్ సాయబు తన వాగు వంతెనకు బొమ్మ చేయించి టేబులు మీద పెట్టాలనుకున్నాడు. పని పోచన్నకు వచ్చింది. పోచన్న టేపు తీసుకుని జింగనూర్ దారి బస్సెక్కి, ఒక రోజంతా వంతెన కొలిచి వచ్చాడు. పది రోజుల్లో మూడడుగుల టేకు వంతెన తయారైంది. స్తంభాలు, పిట్టగోడ, కింద గాజుముక్కల వాగు, అవతల ఆరు గుడిసెలు. వంతెన మాత్రం గుడిసెల దాకా పోలేదు. అసలుదానిలాగే గాలిలో ఆగింది. ఆ సందులో చీపురుపుల్లల నిచ్చెన.

ఇంజనీరు ఆఫీసు ప్యూన్ సోము వచ్చి ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ఫొటో చూసి విలాస్ సాయబుకు చెమటలు పట్టి ఉంటాయి. లేని రోడ్డును ఉన్నట్టు చూపించు అని కాగితం మీద రాస్తే రేపు ఎవరైనా పట్టుకుంటారు. అందుకని బాగా ఆలోచించి, తెలివిగా, మరాఠీలో రెండు ముక్కలు రాసి ముద్ర వేసి పంపాడు: 'పులాచీ లాంబీ కమీ పడత్ ఆహే. లాంబీ వాఢవావీ.'

వంతెన పొడవు తక్కువ పడుతోంది, పొడవు పెంచవలెను అని అర్థం. చూడటానికి ఎంత నిర్దోషమైన వాక్యం!

కానీ మాది సరిహద్దు బతుకు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. ఏ మాట ఎటునుంచి వచ్చి ఏ ఇంట్లో దూరిందో మాకే తెలియదు. మరాఠీ పుస్తకంలో లాంబీ అంటే పొడవు. మరాఠీ రంగులవాళ్ళ నోట్లో లాంబీ అంటే లప్పం. పోచన్న ఆ కాగితం పట్టుకుని మా గోడ దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"సూసినవా సారూ! లాంబీ తక్కువైందట! ఎడ్లబండ్లు చేసిన, బస్సులు చేసిన, నా లప్పం తక్కువైందని అన్నోడు లేడు గద!"

నాకు లోపల నవ్వు పొంగింది. పాపం, చదువు లేకపోతే ఇంతే అనుకున్నాను. పొడవని చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ ముప్పై ఏళ్ళ నౌకరీలో నేను నేర్చుకున్నది ఒకటే, అడగనిది చెప్పకూడదు. నోరు మూసుకున్నాను.

"మరేం జేస్తవ్?"

"ఏం జేస్త? లాంబీ పెంచుమన్నడు, పెంచుత."

పెంచాడు. వంతెన ప్రతి అతుకుకూ మూడు పూతలు, స్తంభాలకు నాలుగు. అర్ధ కిలో లప్పం పట్టించాడు. ఆ వంతెన మీద ఈగ వాలితే జారి వాగులో పడేట్టు ఉంది. కానీ చివరి సందు మాత్రం అట్లాగే ఉంది. నాకు ఆశ్చర్యం అక్కడే. కిషన్‌రావు పిల్లనగ్రోవిని వదలని మనిషి, బెత్తెడు సందును కళ్ళెదుట పెట్టుకుని ఎట్లా ఊరుకున్నాడు?

ఊరుకోలేదు, ఉడికిపోయాడు. చెయ్యి దానంతట అదే పుల్ల మీదికి పోయేది, ఆయన వెనక్కి లాగేవాడు. చివరికి సందు మీద తడిగుడ్డ కప్పి అటు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆయన భార్య రాజుబాయి నాతో మొరపెట్టుకుంది.

"మూడు దినాలసంది సక్కగ తింటలేడు సారూ. కంచంల అన్నంకు కూరకు నడుమ జాగ ఉంటే దాన్నే సూస్కుంట కూసుంటుండు. రాత్రి నా బొటనవేలు పట్టుకోని గోరు రుద్దుతుండు. గాలి సోకిందేమో!"

"అంత బాధైతె ఆ సందు మూసెయ్యరాదు పోచన్నా?" అన్నాను.

"సాయబు లాంబీ పెంచుమని రాసిండు సారూ. సందు మూయుమని రాయలే."

ప్రదర్శన ముందు రోజు సోము మళ్ళీ వచ్చాడు. బొమ్మ మీద గుడ్డ కప్పి ఉంది.

"లాంబీ పెంచినవా?"

"పెంచిన. ఇంక తడిగున్నది, తియ్యకు, గాలి తగలొద్దు. సాయబుకు చెప్పు, రేపు సూస్తే ఖుష్ అయితడని."

సోము అదే చెప్పాడు. సాయబు నిశ్చింతగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

మరునాడు ప్రదర్శనలో మేడమ్ అన్ని టేబుళ్ళూ చూసుకుంటూ వచ్చింది. కుర్చీలు వేయించే పని నాదే గనుక ముందు వరసలో ఉన్నాను. విలాస్ సాయబు స్వయంగా గుడ్డ తీశాడు. తీసి, బొమ్మ వైపు చూడకుండా మేడమ్ వైపు చూస్తూ మూడేళ్ళ వికాసం గురించి మరాఠీలో మొదలుపెట్టాడు. మేడమ్ వినడం లేదు. వంతెన నునుపు చూసి ముచ్చటపడి వేలు పెట్టి జార్చింది. గోరు ఇవతలి ఒడ్డు నుంచి హాయిగా పోయింది, పోయింది, చివర దభీమని సందులో పడి నిచ్చెనకు తగులుకుంది.

ఆగింది. గోరు ఆగింది! పక్కన పోచన్న కళ్ళు గట్టిగా మూసుకోవడం నేను చూశాను.

"ఇదేమిటి?" అంది మేడమ్ మరాఠీలో.

విలాస్ సాయబు అప్పుడు చూశాడు బొమ్మను. "మేడమ్, నేను రాతపూర్వకంగా ఆదేశించాను. లాంబీ పెంచమని. కాపీ ఉంది!"

"బొమ్మది పెంచమన్నారా, వంతెనదా?"

అసలు వంతెనది పెంచమన్న కాపీ సాయబు దగ్గర లేదు. పోచన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. వచ్చీరాని మరాఠీలో తెలుగు కలిపి చెప్పాడు.

"పెంచిన మేడమ్. మూడు పూతలు. అర్ధ కిలో లాంబీ పట్టింది."

జనం గొల్లుమన్నారు. మేడమ్ కూడా నవ్వబోయి, నిచ్చెన వైపు వంగి చూసి ఆగింది. "మూడో మెట్టు పెట్టడం మరిచావు."

"మరువలే మేడమ్. ఆడ లేదు."

వెనకనుంచి కట్టు కట్టిన చెయ్యి ఒకటి లేచింది. బంక మూటతో మల్లక్క. "ఆడనే పడ్డ బిడ్డా," అంది తెలుగులో. ఆ మాటకు మరాఠీ అవసరం లేకపోయింది.

మధ్యాహ్నం భోజనాలు అట్లాగే ఉండిపోయాయి. మేడమ్ బండి నేరుగా జింగనూర్ దారి పట్టింది. విలాస్ సాయబు ఆ నిచ్చెన దిగి, మళ్ళీ ఎక్కవలసి వచ్చిందని, మూడో మెట్టు దగ్గర ఇస్త్రీ చొక్కా చిరిగిందని సోము వారం రోజులు చెప్పుకున్నాడు. మూడేళ్ళు రాని మట్టి మూడు వారాల్లో వచ్చింది. ఆ మట్టి ఇన్నాళ్ళూ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. మేం అట్లాంటివి అడగం.

మట్టి పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పోచన్న కొట్టంలో చాయ్ తాగుతూ గోడ వైపు చూశాను. పదిహేనేళ్ళుగా ఆ గోడకే ఆనుకుని కూర్చుంటున్నాను, ఎన్నడూ తిరిగి చూడలేదు. పెన్సిలుతో, గుండ్రని మరాఠీ అక్షరాల్లో, పోచన్న దస్తూరీతో రాసి ఉంది: 'బస్సు. లాంబీ తొమ్మిది, రుందీ మూడు, ఉంచీ నాలుగు.' కింద ఎడ్లబండి లాంబీ, లారీ లాంబీ. గోడ నిండా లాంబీలే.

మామూలు మాటల్లో పొడవు, వెడల్పు, ఎత్తు, సెంటీమీటర్లలో. రోజూ చెక్కలు కొలిచే మనిషికి లాంబీ అంటే ఏమిటో తెలియదని నేను నవ్వుకున్నాను!

"లాంబీ తొమ్మిదంటె, ఈ బస్సుకు తొమ్మిది కిలోల లప్పం పట్టిందా పోచన్నా?"

అరచేతిలో పట్టే బస్సును చూసి, మొహంలో నవ్వు లేకుండా అన్నాడు, "బస్సు పెద్దది గద సారూ."

తర్వాత కాసేపు పుల్లతో డబ్బా గీకాడు. "ఆ పెట్టె నోరు మూసింది నేను. తెరుస్తనంటె నువ్వు వద్దంటివి. నీ పెన్షన్ ఆగొద్దు, గూడెం ఆగొద్దు. ఇగ ఏం జెయ్యాలె? ఏడనో ఒక్కకాడ ఒక సందు ఇడ్వాలె గద."

"మల్లక్క కోసమా?"

"బంక కోసం సారూ! ఆమె రాకపోతే నాకు లప్పమేడికెల్లి వస్తది?" అని కసిరి లేచిపోయాడు.

నాకు సిగ్గేసింది. నా నిరంక్‌లు కాపాడటానికి, సందు చూస్తే ఊపిరాడని మనిషి పక్షం రోజులు సందు ముందు కూర్చున్నాడు. మర్నాడు ఉలి అడిగి తీసుకుని నేనే పెట్టె నోరు తెరిచాను. తప్పయిందని పైకి రాసిచ్చాను కూడా. ప్రశస్తిపత్రం వెనక్కి పోయింది. నాకు ఒక మెమో వచ్చింది. పెన్షన్ ఎక్కడికీ పోలేదు. పెట్టెలో మొదటి వారమే పద్నాలుగు అర్జీలు పడ్డాయి. అందులో ఒకటి కిషన్‌రావుది, పోచన్న మీద.

తొలకరికి రెండు రోజుల ముందు వంతెన మీద దారి తెరిచారు. మల్లక్క నెత్తిన బంక మూటతో గూడెం వైపు నుంచి, చేతులు ఊపుకుంటూ, కింద చూడకుండా నడిచి వచ్చింది. నిచ్చెనను పోచన్న వంటచెరకుకు ఇమ్మన్నా ఆమె ఇవ్వలేదట, చిక్కుడు పాదుకు పెట్టుకుందట. పోచన్న వంతెన చివరిదాకా పోయాడు. చెప్పులు విడిచి, గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, కొత్త రోడ్డు మీదినుంచి వంతెన మీదికి గోరు జార్చాడు.

గోరు ఆగింది. వంతెనకూ రోడ్డుకూ మధ్య వేలెడు వెడల్పు గీత, ఈ చివరినుంచి ఆ చివరిదాకా! పోచన్న మొహం వెలిగిపోయింది. ఇన్ని రోజుల ఆకలి తీరినట్టు జేబులోంచి డబ్బా, చెవి మీదినుంచి పుల్ల తీశాడు.

విలాస్ సాయబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అరే బాబా, ముట్టకు! అది కావాలని వదిలిన సందు! ఎండకు వంతెన లాంబీ పెరుగుతది, దానికి జాగా ఉండాలె!"

పోచన్న తలెత్తి, ఎంతో వినయంగా అడిగాడు. "ఎంత పెరుగుతది సాయబూ? అర్ధ కిలోనా?"

మల్లక్క మూట దించి, వంతెన మీద కూలబడి నవ్వింది. సాయబు కూడా ఆఖరికి నవ్వాడు, వేరే దారి లేక. పోచన్న బుద్ధిమంతుడిలా డబ్బాకు మూత పెట్టాడు. కానీ లేచేముందు, అందరూ నవ్వుతుండగా, ఆ సందు ఒక మూలన గోరంత లప్పం మెత్తి చొక్కాకు వేలు తుడుచుకున్నాడు.

నేను చూశాను. చూసి, మనసులోనే 'నిరంక్' అని రాసి సంతకం పెట్టాను.